నీలాల రాణి గొంతు

రత్తమ్మ సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ గొంతు సంగతి చెప్పాలి. ఆవిడ బతుకులో మంచీ చెడూ రెండూ ఆ గొంతులోంచే వచ్చిపడ్డాయి. రాజమండ్రి ఇన్నీసుపేట సందుల్లో తట్ట నెత్తిన పెట్టుకుని "చేపలమ్మా చేపలూ... బొమ్మిడాయలమ్మా బొమ్మిడాయలూ" అని ఒక్క కేక పెట్టిందంటే, పై అంతస్తులో మిక్సీ వేసుకుంటున్న ఇల్లాలు కూడా గిన్నె పట్టుకుని బాల్కనీలోకి రావలసిందే. చేపలమ్మే మనిషికి కోయిల గొంతు పనికిరాదు. బెదిరించాలి, బుజ్జగించాలి, నిన్నటి సరుకును ఇవాళ్టిదని నమ్మించాలి. ఇన్నేళ్ళు ఇన్ని చాకిరీలు చేసిన గొంతు బొంగురుపోయి గరుకు తేలింది. అయినా అడుగున ఎక్కడో కాస్త తీపి మిగిలి, విన్నవాళ్ళకు మళ్ళీ వినాలనిపించేది.

ఆ వీధిలోనే ఒక మేడ మీద శాంతికుమార్ గారి స్టూడియో ఉంది. ఒకప్పుడు లూథరన్ చర్చి పాటలూ, ఎన్నికల మైకు ప్రచారాలూ రికార్డు చేసుకుని బతికిన మనిషి ఆయన. ఆ పనులు తగ్గిపోయాక కంప్యూటర్ మీద పిల్లల కోసం బొమ్మల సినిమాలు తీయడం మొదలుపెట్టాడు. రాజులు, రాకుమార్తెలు, మాయలు, మంత్రాలు. సినిమాను యూట్యూబులో పెట్టి, అందులో బొమ్మలనే రంగుల పుస్తకంగా అచ్చు వేయించి బళ్ళకు అమ్మేవాడు. పుస్తకం వెనక అట్ట మీద గళ్ళ చదరం ఒకటి ఉండేది. ఫోను దాని మీద పెడితే కథ వినిపించేది. చిన్న గంట మోగినప్పుడల్లా పిల్లలు పేజీ తిప్పుకోవాలి. అన్నం తినని పిల్లలున్న ఇళ్ళలో ఆ పుస్తకాలకు మంచి గిరాకీ.

ఒకరోజు రత్తమ్మ కేక కిటికీ సందుల్లోంచి దూరి రాకుమారి ఏడుపులో కలిసిపోయింది. శాంతికుమార్ మండిపడుతూ కిందికి దిగివచ్చాడు.

"ఏంటమ్మా తల్లీ ఆ అరుపు? ఊళ్ళో నీకింకో వీధి దొరకలేదా?"

"దొరికిందండి. అక్కడ కూడా ఎవరో ఒకరు ఇలాగే దిగొచ్చి అరుత్తారండి. బేరం ఉంటే చెప్పండి, లేపోతే దారివ్వండి" అంది రత్తమ్మ, తట్ట దించకుండానే.

ఆయన దారివ్వలేదు. కోపం సగంలో ఆగిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అప్పుడు తీస్తున్న 'నీలాల మేడ' కథలో ఒక దుష్టరాణి ఉంది. ఆ పాత్రకు గొంతు దొరక్క నెల నుంచి తంటాలు పడుతున్నాడు. తెలిసిన ఆడవాళ్ళందరి చేతా చదివించి చూశాడు గానీ, అందరూ ఆదివారం ఆరాధనలో వాక్యం చదివినట్టు చదివారు. వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

కథ తేలికైనదే. రాజుగారి భార్య చనిపోతుంది. రాజు నీలాల రాణిని పెళ్ళాడి తెస్తాడు. ఆవిడ రాకుమారిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మంత్రించిన అన్నం తినిపించి చిలకను చేసి పంజరంలో పెడుతుంది. పిల్లలకు చెప్పే కథల్లో సవతితల్లికి ఎప్పుడూ ఇదే పని. మంచి సవతితల్లి ఉన్న కథ ఒక్కటైనా ఎవరూ ఎందుకు అల్లలేదో ఆ అల్లినవాళ్ళనే అడగాలి.

రత్తమ్మకు చదువు కూడబలుక్కునేంతే వచ్చు. శాంతికుమార్ భార్య ప్రిస్కిల్లా, బడిలో టీచరు, ఒక్కో మాటా చెబుతుంటే రత్తమ్మ వెనకాలే అనేది. కథలో చనిపోయే తల్లికి ప్రిస్కిల్లాయే గొంతు ఇచ్చింది.

"రత్తమ్మగారూ, ఇక్కడ పైకి ప్రేమ ఒలకాలండి. లోపల మాత్రం విషం ఉండాలి."

"అదెంత పనండి టీచరుగారూ! మెత్తబడిన చేప అమ్మేటప్పుడు నేను మాట్టాడేది అదేగదండి!"

ముగ్గురూ పడీ పడీ నవ్వారు. తర్వాత రత్తమ్మ మైకు ముందు నిలబడి, కళ్ళు సగం మూసి, "రామ్మా బంగారుతల్లీ, ఒక్క ముద్ద తిను. అమ్మను కదా, నా చేత్తో తినవూ?" అంది. ప్రిస్కిల్లా తర్వాతి మాట అందించడం మరిచిపోయింది. శాంతికుమార్ ఆ రోజు నుంచీ ఆవిడను రత్తమ్మగారు అనడం మొదలుపెట్టాడు.

కథ బాగా తిరిగింది. ఇన్నీసుపేట పిల్లలకు రాణిగారు తమ వీధిలోనే చేపలమ్ముతుందని తెలిసిపోయింది. బడికి సెలవైతే చాలు, మూకగా వచ్చి ఆవిడ వెంట పడేవాళ్ళు. "రాణిగారండీ, ఒక్కసారండీ!" అని బతిమాలేవాళ్ళు. రత్తమ్మ తట్ట దించి, చీరకొంగు నెత్తి మీద కిరీటంలా చుట్టుకుని, "ఎవర్రా ఈవేళ నా చేత్తో తినేది?" అని ఉరిమేది. పిల్లలు కెవ్వుమని అరిచి పరుగెత్తి, సందు చివరి దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చేవాళ్ళు. రత్తమ్మకు కడుపు పండలేదు. మొదటి మొగుడు అప్పాజీ తాగి తాగి కాలేయం చెడి చనిపోయాడు. పిల్లలు తన కోసం ఎదురుచూడడం ఆవిడ జీవితంలో అదే మొదలు. ఆ భయం ఆవిడకు ముద్దులా తోచింది. భయపడి పారిపోయిన పిల్లలు తిరిగి వస్తారని ఆవిడకు గట్టి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకమే ఆవిడ కొంప ముంచింది.

అలాంటి రోజుల్లో అన్న పల్లంరాజు ఒక సంబంధం తెచ్చాడు. ధవళేశ్వరంలో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే జానకిరామ్. తమ కులపోడే, తాగుడు లేదు. భార్య బేబీ అంతకుముందు ఏడాది వానాకాలం జ్వరంలో పోయింది. బడికి వెళ్ళే వయసు ఆడపిల్ల ఉంది. ఇంట్లో పాపాయి అంటారు.

"తల్లి పోయిన పిల్ల గదే, తిండి సరిగా తినదంట. బేబీ ఉన్నప్పుడు ఏదో బొమ్మల పుత్తకం ముందరెట్టి ఫోన్లో కతెట్టి తినిపించేదంట. ఇప్పటికీ ఆ పుత్తకం లేపోతే ముద్ద దిగదంట" అన్నాడు పల్లంరాజు.

"ఏం పుత్తకం అన్నయ్యా?"

"నీలాల మేడో ఏదో అన్నాడు."

రత్తమ్మకు ఇంకేం కావాలి? తను కనకపోయినా తన గొంతు విని ముద్ద మింగిన పిల్ల ఎక్కడో ఉంది, ఆ పిల్లకే దేవుడు తనను అమ్మను చేస్తున్నాడు. ఆ సంతోషంలో ఆవిడ ఒక్క మాట ఆలోచించలేదు. ఇన్నీసుపేట పిల్లలు కెవ్వుమని పరుగెత్తి చేరేది వాళ్ళ అమ్మల దగ్గరికి. ఈ పిల్ల ఎక్కడికి పరుగెత్తుతుంది? రత్తమ్మే కాదు, జానకిరామ్ ఆలోచించలేదు, పల్లంరాజు ఆలోచించలేదు, కులపెద్దలు అసలే ఆలోచించలేదు.

పెళ్ళి గుడి దగ్గర నలుగురి మధ్య సాదాగా జరిగింది. ఇంటికి వచ్చాక జరిపే ఆచారం ఒకటి వాళ్ళలో ఉంది. రెండో పెళ్ళి చేసుకున్నవాడికి పిల్లలుంటే, పెద్దలు ఆ పిల్లల్ని కొత్త భార్య ఒళ్ళో కూర్చోబెట్టి, ఆవిడ చేత మొదటి ముద్ద తినిపిస్తారు. అక్కడి నుంచి ఆ పిల్లలు ఆవిడ పిల్లలు. పాపాయిని తెచ్చి రత్తమ్మ ఒళ్ళో పెట్టారు. సన్నగా, కొత్త గౌనులో బిగుసుకుని కూర్చుంది పిల్ల. తలలో కనకాంబరాలు. రత్తమ్మ చేతికి పెరుగన్నం గిన్నె ఇచ్చారు. పిల్ల నోరు తెరవలేదు. ఆడవాళ్ళు బతిమాలారు, తెరవలేదు.

అప్పుడు రత్తమ్మ ముసిముసిగా నవ్వింది. చీరకొంగు నెత్తికి చుట్టుకుంది. పిల్ల చెవి దగ్గర వంగి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అంది. "రామ్మా బంగారుతల్లీ, ఒక్క ముద్ద తిను. అమ్మను కదా, నా చేత్తో తినవూ?"

పాపాయి తలెత్తి ఆవిడ మొహం చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చూస్తూ చూస్తూ ఉండగానే పిల్ల ఒళ్ళంతా వణికింది. రత్తమ్మ కొత్త చీర తడిసిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పిల్ల భయపడిందని ఒకరు, అలవాటవుతుందిలే అని ఒకరు. రత్తమ్మ నవ్వలేదు. ఆ కళ్ళను ఆవిడ దగ్గరగా చూసింది మరి.

ఆ రోజు నుంచి పాపాయి రత్తమ్మ చేతి ముద్ద ముట్టలేదు. బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం తినేది. పక్కింటి వాళ్ళు ఏమైనా పెడితే తినేది. తండ్రి డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు బిస్కెట్లు తెస్తే, ప్యాకెట్టు తనే చించుకుని, గోడకు ఆనుకుని తినేది. రత్తమ్మ వండిన కూరను తండ్రి కలిపి పెట్టినా నోరు తెరిచేది కాదు. పుస్తకాన్ని మాత్రం వదిలేది కాదు. అది వాళ్ళ అమ్మ కొన్న పుస్తకం. తల్లి చనిపోయే పేజీ తీసి, ప్రిస్కిల్లా గొంతు వచ్చే అంతసేపూ వింటూ, గంట మోగగానే ఫోను ఆపేసేది. తర్వాతి పేజీ ఏంటో ఆ పిల్లకు తెలుసు. తర్వాతి పేజీ వంటింట్లో చేపలు తోముతోంది.

"చిన్నపిల్లే, అదే మరిచిపోద్ది" అనేవాడు జానకిరామ్. చెడ్డవాడు కాదు. ఐసు దిమ్మలు మోసి మోసి, ఇంటికొచ్చి ఏ గొడవా లేకుండా నడుం వాల్చాలనుకునే మనిషి. అలాంటివాళ్ళ దగ్గర అన్ని జబ్బులకూ 'అదే పోద్ది' అనే ఒకటే మందు.

రత్తమ్మ గొంతు మార్చి చూసింది. మెల్లగా మాట్లాడితే నీలాల రాణి మెల్లగానే మాట్లాడుతుంది. ప్రేమగా మాట్లాడితే నీలాల రాణి ఇంకా ప్రేమగా మాట్లాడుతుంది. పిల్లను అన్నానికి పిలవడానికి తెలుగులో ఎన్ని ముద్దుమాటలున్నాయో అన్నీ ఆ కథలో రాణిగారు ముందే వాడేసుకుంది. చివరికి ఇంట్లో మాట్లాడడమే మానేసింది. సైగలతో పిలిచేది, కంచం పెట్టి పక్కకు తప్పుకునేది. వీధంతా దద్దరిల్లే గొంతున్న మనిషి తన ఇంట్లో మూగదైపోయింది. పిల్ల భయం తగ్గలేదు సరిగదా పెరిగింది. ఏమీ మాట్లాడకుండా తిరుగుతుంటే ఏదో మంత్రం జపిస్తోందనుకుందో ఏమో, రత్తమ్మ పెదవులు కదిలితే చాలు, గదిలోంచి వెళ్ళిపోయేది.

ఇక ఇరుగుపొరుగుల సంగతి. తల్లిలేని పిల్ల చిక్కిపోతుంటే వాళ్ళ నోళ్ళు ఊరుకుంటాయా? రత్తమ్మ అన్నం పెట్టడం లేదన్నారు, వాతలు పెడుతోందన్నారు. తిననిది పిల్ల, నింద రత్తమ్మకు. వాళ్ళంతా చిన్నప్పుడు అలాంటి కథలే విని పెరిగినవాళ్ళు కదా, నమ్మడానికి పెద్ద కష్టం కాలేదు.

ఒక ఉదయం రత్తమ్మ చేపల తట్ట లేకుండా స్టూడియో మెట్లెక్కింది. ప్రిస్కిల్లా సెలవు రోజు కావడంతో అక్కడే ఉంది.

"ఏంటండి రత్తమ్మగారూ, ఇలా అయిపోయారు?" అంది.

రత్తమ్మ జరిగింది అంతా చెప్పింది. చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది. "టీచరుగారండి, అమ్మ వేషం నాకివ్వండి. ఒక్కపాలికి. ఆ చచ్చిపోయే అమ్మ మాటలు నేను చెప్తానండి. రాణి మాటలు ఇంకెవరి చేతన్నా చెప్పించండి. నా గొంతు మంచిది కూడా అని దానికి తెలవాలి గదండి."

శాంతికుమార్ మొహం గంటుపెట్టుకున్నాడు. మార్కెట్లో తిరుగుతున్న కథను మార్చడం కుదరదన్నాడు. ప్రిస్కిల్లా ఆయన వైపు ఒక చూపు చూసింది. మార్కెట్ కోసం కాదు, ఒక్క పిల్ల ఫోను కోసం రికార్డు చేద్దామంది. రాణి మాటలు తనే చెప్పింది. పాపం, ఆవిడకు రాలేదు. ఎంత కోపంగా చెప్పినా పిల్లలను హోంవర్కు అడిగినట్టే ఉంది.

రత్తమ్మ అమ్మ మాటలు చెప్పింది. "నేను ఎక్కడికీ పోను తల్లీ. నీ ఆకల్లో ఉంటాను, నీ నిద్రలో ఉంటాను." ఈసారి కళ్ళు సగం మూయలేదు, గొంతు మార్చలేదు. ఆ ఇంట్లో అన్నాళ్ళుగా మింగిన మాటలన్నీ ఆ రెండు వాక్యాల వెంట వచ్చేశాయి. మధ్యలో ఏడ్చింది. శాంతికుమార్ ఆ ఏడుపును కత్తిరించకుండా ఉంచేశాడు. అంత బాగా అమ్మ వేషం ఎవరూ వేయలేదని ప్రిస్కిల్లా ఒట్టేసి చెప్పింది.

ఆ సాయంత్రం జానకిరామ్ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, పుస్తకం తెరిచి, కొత్త రికార్డింగు పెట్టాడు. రత్తమ్మ గుమ్మం అవతల, పిల్లకు కనిపించకుండా, గోడకు చేరగిలబడింది. కథ మొదలైంది. రాజు వచ్చాడు, గంట మోగింది, పేజీ తిరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత రత్తమ్మ గొంతు, అమ్మ మాటలు. పిల్ల అలికిడి లేదు. కథ ఆపమనలేదు. రత్తమ్మ రెండు చేతులూ జోడించి, లోవ తలుపులమ్మ తల్లికి మొక్కుకుంది. పిల్ల ఒక్క ముద్ద తింటే మేకపోతును ఇచ్చుకుంటానంది.

మాటలు పూర్తయ్యాయి. గంట మోగింది. పేజీ తిరగలేదు.

"నాన్నా" అంది పాపాయి. గొంతు చాలా చిన్నగా ఉంది. "ఇందులో అమ్మ ఏది?"

"అదేనమ్మా, ఇప్పుడు మాట్టాడింది అమ్మే గదా."

"కాదు. అది రాణి. అమ్మ గొంతు కూడా తీసేసుకుంది." ఆ మాట అన్నాక పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. తల్లి పోయిన రోజు కూడా అంత ఏడవలేదని జానకిరామ్ తర్వాత అన్నాడు. పాత రికార్డింగు మళ్ళీ పెట్టినా వినలేదు. చెవులు మూసుకుంది. పుస్తకాన్ని తీసుకెళ్ళి మంచం కిందకు తోసేసింది. ఆ పిల్లకు మిగిలింది ఆ కాస్త గొంతే. మంచి చేయబోయి రత్తమ్మ దాన్ని కూడా లాగేసింది. గుమ్మం అవతల ఆవిడ అలాగే కూర్చుండిపోయింది. తన నోరు కొట్టుకోవాలో తల కొట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత పాపాయి బడిలో కూడా తినడం తగ్గించింది. జ్వరం తగిలింది. ఒంట్లో రక్తం లేదన్నాడు డాక్టరు. కబురు విని నరసాపురం నుంచి పిల్ల అమ్మమ్మ, బేబీ తల్లి, వచ్చింది. ఎండుచేపల వ్యాపారం చేసుకునే గట్టి మనిషి. రావడం కత్తిలా వచ్చింది గానీ, రెండు రోజులు ఇంట్లో ఉండి రత్తమ్మను చూశాక కత్తి దించేసింది.

"నీ తప్పు లేదే అమ్మా. కానీ ఈ పిల్ల నీ దగ్గర బతకదు" అంది.

అదే మాట ఎవరైనా తిడుతూ అని ఉంటే రత్తమ్మ కయ్యానికి దిగేది. ఇంత మెత్తగా అంటే ఏం చేస్తుంది? జానకిరామ్ తల వంచుకుని, "కొన్నాళ్ళేనే" అన్నాడు. అది కొన్నాళ్ళు కాదని ముగ్గురికీ తెలుసు.

ఆర్టీసీ కాంప్లెక్సులో నరసాపురం బస్సు కదలడానికి ఇంకా సమయం ఉంది. రావులపాలెం, పాలకొల్లు అంటూ కండక్టరు పిలుస్తున్నాడు. జానకిరామ్ మంచినీళ్ళ సీసా కోసం కొట్టు దగ్గరికి వెళ్ళాడు. అమ్మమ్మ బస్సు ఎక్కి సంచులు సర్దుతోంది. రత్తమ్మ కాస్త ఎడంగా, స్తంభం పక్కన నిలబడింది. దగ్గరికి వెళ్తే పిల్ల బెదిరి రోడ్డు మీదకు పరుగెత్తుతుందేమోనని ఆవిడ భయం.

పాపాయి బస్సు మెట్టు దాకా వెళ్ళి ఆగింది. కొట్టు వైపు, తండ్రి వీపు వైపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, ఒక్కో అడుగూ వేసుకుంటూ రత్తమ్మ దగ్గరికే వచ్చింది. పెళ్ళి రోజు ఒళ్ళో పెట్టాక, పిల్ల తనంత తాను ఆవిడ దగ్గరికి రావడం అదే మొదటిసారి. వచ్చి, చెయ్యి చాచి, రత్తమ్మ మణికట్టు పట్టుకుంది. చల్లటి చిన్న చెయ్యి. రత్తమ్మ కళ్ళ ముందు బస్టాండు మసకబారింది. పిల్ల మనసు మారింది, వెళ్ళనంటుంది, నాతోనే ఉంటానంటుంది అని ఆ ఒక్క క్షణంలో ఆవిడ నమ్మేసింది.

"నేను ఎల్లిపోతున్నా గదండీ" అంది పాపాయి, ఆవిడ మొహంలోకి చూస్తూ. చెయ్యి వదల్లేదు. "మా నాన్నని మాత్రం ఏం చెయ్యకండి."

రత్తమ్మ దగ్గర చెప్పుకోవలసినవి బోలెడు ఉన్నాయి. నేను రాణిని కాదమ్మా అనాలి. అది వేషమమ్మా అనాలి. అవన్నీ చెబితే ఈ చెయ్యి జారిపోతుంది. పిల్లకు కావలసింది ఒక్కటే మాట, దాన్ని చెప్పగలిగింది నీలాల రాణి ఒక్కతే. ఆవిడ పిల్ల ఎత్తుకు వంగి, తన సొంత గొంతుతో, దాచకుండా, తగ్గించకుండా అంది.

"ఏం చెయ్యనమ్మా. ఒట్టు."

పిల్ల కాసేపు చూసింది. నమ్మింది. చెయ్యి వదిలేసి, పరుగున వెళ్ళి బస్సు ఎక్కింది.